హ్యూస్టన్ పెరట్లో ఏ పీచ్ మేలు: ఎల్బెర్టానా, ఫ్లోర్డాకింగా, ట్రాపిక్ బ్యూటీనా?

జనవరి వచ్చిందంటే హ్యూస్టన్‌లోని తెలుగు మిత్రులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: పెరట్లో పెట్టడానికి ఏ పీచ్ తేవాలి? గుంత ఎంత తవ్వాలో, ఎండ ఎంత తగలాలో వాళ్లకు తెలుసు. రకం దగ్గరే ఆగిపోతారు. ఈ శీతకాలంలో నేనూ ఒక చెట్టు తీసేసి మరొకటి నాటాను.

తీసేసింది ఎల్బెర్టా. 1870లలో జార్జియాలోని మార్షల్‌విల్‌లో శామ్యూల్ రంఫ్ పెంచి, భార్య పేరు పెట్టుకున్న రకం. పసుపు గుజ్జు, చక్కగా ఊడి వచ్చే టెంక. రుచికి వంక పెట్టలేను. కానీ మా పెరట్లో నాలుగేళ్లూ అది మార్చి చివరిదాకా మోడులాగే నిలబడింది. కొమ్మల చివర మాత్రం గుప్పెడు ఆకులు, అక్కడొకటి ఇక్కడొకటి పూలు. ఒక్క పిందె నిలవలేదు. ఎరువు మార్చాను, నీళ్లు మార్చాను. లోపం వాటిలో లేదు.

మామిడికి పూతకు ముందు బెట్ట ఎంత అవసరమో, పీచ్‌కు చలి అంత అవసరం. శీతకాలంలో సెల్సియస్ లెక్కన సున్నాకూ ఏడు డిగ్రీలకూ మధ్య గడిచిన గంటలన్నీ చెట్టు లెక్కలోకి వస్తాయి. ఆ లెక్క నిండితేనే మొగ్గ నిద్ర లేస్తుంది. ఎల్బెర్టాకు సుమారు 850 గంటలు కావాలి. డల్లాస్‌లో చాలా ఏళ్లు అంత చలి దొరుకుతుంది, అక్కడి వాళ్లు నిశ్చింతగా పెట్టుకోవచ్చు. హ్యూస్టన్‌లో దొరికేది దాదాపు 400, వెచ్చని ఏడాదైతే ఇంకా తక్కువ. రుచి, పరిమాణం, చీడపీడలు అన్నీ దీని తర్వాతే.

ఇక మిగిలినవి రెండు. ఫ్లోర్డాకింగ్‌కు సుమారు 400 గంటలు చాలు. పండు పెద్దది, చూడముచ్చటైనది. చలి సరిగ్గా పడిన ఏడాది దీన్ని మించింది లేదు. చలి 300 దగ్గరే ఆగిపోతే మాత్రం కాపు పలచబడుతుంది.

ట్రాపిక్ బ్యూటీకి 150 గంటలు చాలు. ఎంత వెచ్చని శీతకాలమైనా పూత తప్పదు. పండు చిన్నది, టెంక పూర్తిగా ఊడదు. అయితే మే నెల మొదట్లోనే పండుతుంది కాబట్టి పురుగులూ కుళ్లు తెగులూ ముదిరేలోపే పండ్లు ఇంట్లోకి వచ్చేస్తాయి. మందులు కొట్టడం ఇష్టం లేని ఇంటికి ఇది చిన్న మేలు కాదు.

దీనితో ఉన్న చిక్కు తొందరపాటు. జనవరి చివరే పూస్తుంది, ఆ తర్వాత గడ్డకట్టే రాత్రి వస్తే పూత పోతుంది. పూర్తిగా విచ్చిన పూలకు మైనస్ నాలుగున్నర డిగ్రీలు తగిలితే పదింట తొమ్మిది దక్కవు. 2021 ఫిబ్రవరి గడ్డకట్టు రోజుల్లో మా ట్రాపిక్ బ్యూటీ పూతంతా నల్లబడి రాలింది. ఆ చలికి ఏ దుప్పటీ చాలదు. మామూలు మంచు రాత్రులకు మాత్రం, కత్తిరించి ఎనిమిది అడుగులకు మించకుండా ఉంచిన చెట్టుకు నేల దాకా పాత దుప్పట్లు కప్పితే పూత నిలుస్తుంది. నేను ట్రాపిక్ బ్యూటీ వైపు మొగ్గేది ఇందుకే: వచ్చిన చలి నుంచి చెట్టును కాచుకోవచ్చు, రాని చలిని తెచ్చిపెట్టలేం.

నెక్టరిన్ అంటే నూగు లేని పీచే, దానికీ ఇదే గంటల లెక్క. కుండీల్లో పెరిగే పొట్టి రకాలు పూల అందానికి బాగుంటాయి, పండ్ల కోసం నేను కొనను. తిన్న పండు టెంక నాటితే ఎన్ని గంటలు కోరే చెట్టు వస్తుందో చెప్పలేం. హైదరాబాద్‌లో పెట్టవచ్చా అని అక్కడి బంధువులు అడుగుతారు. ఏడు డిగ్రీల దిగువకు రాత్రులు దిగడమే అరుదైన చోట నేను వద్దనే చెబుతాను. పంజాబ్ మైదానాల్లో తక్కువ చలి రకాలు కాస్తున్నాయంటే అక్కడి శీతకాలం వేరు.

పీచ్ కాయ పట్టడానికి పుప్పొడి ఇచ్చే రెండో చెట్టు అక్కర్లేదు. ఒక్క చెట్టుకే చోటుంటే ట్రాపిక్ బ్యూటీ తెచ్చుకోండి. మాకు అది ముందే ఉంది కాబట్టి ఎల్బెర్టా తీసిన చోట ఫ్లోర్డాకింగ్ పెట్టాను. మా బంకమట్టిలో నీళ్లు నిలుస్తాయని అడుగు ఎత్తు దిబ్బ పోసి దాని మీద నాటాను.