పంద్రాగస్టు జెండా, పొందూరు నూలు

దేశభక్తి చాటుకొనే తీరులు రెండు శ్రీకాకుళం జిల్లాలో పక్కపక్కనే కనిపిస్తాయి. ఆగస్టు 15న ఇంటిపై జెండా ఎగురవేయడం మొదటిది. అందులోని ఉత్సాహం నిజమైనదే, పిల్లలకు దేశమన్న భావన తొలుత అందేదీ చాలావరకు దానివల్లనే. అయితే 2021 డిసెంబరులో జాతీయ జెండా నియమావళిని సవరించి, మరమగ్గంపై నేసిన పాలియెస్టరు జెండాలకూ అనుమతి ఇచ్చారు; అంటే ఎగిరే ప్రతి జెండా వెనుకా నూలు వడికే చెయ్యి ఉండనక్కరలేదు. రెండవది, ఏడాది పొడవునా సాటివారి శ్రమకు విలువ కట్టడం. పొందూరులో స్త్రీలు వాలుగ చేప దవడ ఎముకతో కొండపత్తిని దువ్వి, గింజ తీసి, ఏకి, ఒంటికదురు రాట్నంపై వంద కౌంటు నూలు వడుకుతారు (కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది). ఆ సన్నదనం వెనుక ఎంతటి ఓపిక ఉందో చూసినవారికి ఖాదీ దుకాణంలో బేరమాడాలనిపించదు. జెండాకు వందనం చేసి, వడికే చేతిని మరచిన భక్తి సగమేనని నా అభిప్రాయం. ఒకదాన్నే ఎంచుకోవలసి వస్తే నేను నిస్సందేహంగా రెండవదాన్నే ఎంచుకుంటాను. ఖాదీ జెండా కొనగలిగినవారికి ఆ ఎంపిక అవసరమే రాదు.