పీప్ అనే కోడిపిల్ల కార్టూన్, మూడు నెలలు చూపించినంక నా రివ్యూ

ముందే చెప్తున్న, నేను సైన్స్ టీచర్‌ను కాదు. మహబూబ్‌నగర్‌ల మెట్టుగడ్డ దిక్కు ఇంట్లనే బ్లౌజులు కుడుత. మిషన్ ముందట కూసున్నంక మా నాలుగున్నరేండ్ల పిల్లను ఎవరు చూస్కోవాలె అన్న కాడనే ఈ టీవీ కథ షురూ అయింది. మొదట్ల అందరి లెక్కనే డబ్బింగ్ కార్టూన్లు పెట్టిన, వారం దినాలకే మా పిల్ల వాళ్ళ తాతను ఎగిరి తన్నుడు మొదలువెట్టింది. ఇగ అవి బంద్ చేసి ఫోన్ల వీడియో యాప్ ఇచ్చిన, అది ఇంకో తలనొప్పి, మనం పెట్టింది ఒకటి, పది నిమిషాలకు అదంతట అదే ఇంకోదానికి దుంకుతది, ఒకసారి కత్తెర పక్కకు పెట్టి పోయి చూస్తే ఎవరో బొమ్మల డబ్బాలు విప్పుకుంట ఒకటే కేకలు, ఇది నోరు తెరుచుకొని చూస్తుంది.

అప్పుడు మా ఆడబిడ్డ చెప్పింది, వదినా గీ పీప్ పెట్టి చూడు, మా పోరడు గదే చూసి పెరిగిండు అని. పూర్తి పేరు పీప్ అండ్ ది బిగ్ వైడ్ వరల్డ్. కొత్తది కాదు, 2004ల మొదలైంది, బోస్టన్‌ల ఉండే డబ్ల్యూజీబీహెచ్ అనే పబ్లిక్ టీవీ వాళ్ళది, నేషనల్ సైన్స్ ఫౌండేషన్ అని అమెరికా సర్కారు సంస్థ దీనికి పైసలు ఇచ్చింది. మూడేండ్ల నుంచి ఐదేండ్ల పిల్లల కోసమని తీసిండ్రు. పీప్ అంటే అప్పుడే గుడ్డు పగిలి బయటికొచ్చిన పసుపు కోడిపిల్ల, చిర్ప్ అని ఎర్ర పిట్ట, క్వాక్ అని బాతు. బాతు అయితే మన చుట్టాలల్ల ప్రతి పెండ్లికి వచ్చే ఒక పెద్దమనిషి ఉంటడు గదా, ఏం తెల్వకున్నా అన్ని తెలిసినట్టు మాట్లాడతడు, అచ్చం గట్లనే. మా మామకు ఇంగ్లిష్ రాదు, అయినా బాతు వస్తే నవ్వుతడు.

అరగంట ప్రోగ్రాంల రెండు చిన్న కథలు, ఒక్కో కథ అయిపోంగనే నిజం పిల్లలు వచ్చి అదే పని చేసి చూపిస్తరు. నాకు నచ్చింది గీ రెండో ముక్కనే. తెలుగుల పిల్లల సైన్స్ అని వచ్చే వీడియోలు చూడుండ్రి, గ్రహాల పేర్లు పాట లెక్క పాడిస్తరు, మా పిల్ల కూడ శుక్రుడు శని అని గడగడ చెప్తది, ఆకాశంల చంద్రుడు రోజుకొక తీరుగ ఎందుకు కనిపిస్తడో ఒక్కసారి తలెత్తి చూడదు. పీప్‌ల పేర్లు చెప్పుడు తక్కువ. ఒకటి వింతగ కనిపిస్తది, ముగ్గురు కొట్లాడుకుంటరు, తప్పు అనుకుంటరు, మల్ల చేసి చూస్తరు. చూసుడు, పోల్చుడు, ముందుగాల ఏమైతదో అనుకునుడు, అయినంక అట్లయిందా లేదా చెప్పుడు. గింతే. గిదే గదా సైన్స్ మొదలంటే.

మా ఇంట్ల అసలు పరీక్ష బకెట్ కాడ అయింది. నీళ్ళల్ల ఏం మునుగుతది ఏం తేలుతది అన్నది ఒకరోజు పెట్టుకున్నం. నేను ఒక చెంచా, ఒక గిన్నె ఇచ్చిన, రెండూ స్టీలే. చెంచా ముంచింది, బుడుంగున కిందికి పోయింది. గిన్నె పెడితే పడవ లెక్క తేలింది. పిల్ల మొఖం చూడాలె అప్పుడు. పెద్దది మునగాలె గదమ్మా అన్నది. నాకు జవాబు నోటికాడికి వచ్చింది కాని ఆపుకున్న. ఇగ వంటింట్లకు ఉరికింది, ఉల్లిగడ్డ తెచ్చింది తేలింది, ఆలుగడ్డ తెచ్చింది మునిగింది, చింతగింజలు మునిగినయి, వాళ్ళ నాయనమ్మ ఏందే ఈ లొల్లి అని ఒర్రుతనే ఉన్నది. ఆఖరికి మా ఊరి నుంచి వచ్చిన పల్లికాయల మూట కాడికి పోయింది. కాయ ఏస్తే పైన తేలింది. తాత కాయ వొలిచి గింజ ఇచ్చిండు, అది మునిగింది. మల్ల ఒకటి, మల్ల ఒకటి, ఒకటి రెండు ఎండిపోయిన గింజలు తప్ప అన్నీ మునిగినయి. ఐదు నిమిషాలు సప్పుడు లేదు. తర్వాత వొట్టి పొట్టు చేతుల పట్టుకొని "అమ్మా, దీని లోపల గాలి ఇల్లున్నది, గందుకే తేలుతుంది, గిన్నెల కూడ గాలి కూసున్నది" అన్నది. ఎల్‌కేజీల ఫీజు వేలకు వేలు కడుతున్నం, ఏ బడో పేరెందుకులే, ఏడాదంత ఏ బీ సీ డీలు దిద్దిచ్చుడు తప్ప నీళ్ళ బకెట్ ముట్టనియ్యలే.

నీడలది కూడ చేసినం. పొద్దుగాల ఎనిమిదింటికి డాబా మీద నిలవెట్టి నా కుట్టు సుద్దతోని నీడ చుట్టూ గీసిన. పన్నెండున్నరకు అదే కాడ నిలవడితే నీడ కాళ్ళ కాడ చిన్న ముద్ద. "ఎండ నా నీడను తిన్నది" అన్నది. సరే, సాయంత్రం మల్ల చూద్దాం, తిన్నదో కక్కుతదో అన్న. నాలుగున్నరకు నీడ అవతలి దిక్కు ఇంత పొడుగు. నవ్వుకుంట కిందికి ఉరికింది తాతకు చెప్పనీకి. ఒక మాట, పాలమూరు ఎండకాలంల మధ్యాహ్నం డాబా మీద చెప్పుల్లేకుంట నిలవెట్టకుండ్రి, నేను మొదటి దినం గా తప్పు చేసిన, అరికాళ్ళు కాలి ఏడుసుకుంట వచ్చింది.

తాత ఊకెనే ఉంటడా, ఇగ ఆయన కథ తీసిండు. మీరు ఇప్పుడు కనిపెట్టినట్టు చేస్తుండ్రు, మాకు 1975లనే వచ్చింది బడిల టీవీ అని. నేను ముందు నమ్మలే. తర్వాత తెలిసింది, నిజమే, సైట్ అని ఇస్రో వాళ్ళు నాసా శాటిలైట్ ఏటీఎస్-6 ఒక ఏడాది అడిగి తెచ్చుకొని 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాక ఆరు రాష్ట్రాలల్ల 2400 ఊర్లకు టీవీ చూపించిండ్రు, అప్పటి ఆంధ్రప్రదేశ్‌ల ఎంచుకున్న జిల్లాలల్ల మన మహబూబ్‌నగర్ ఒకటి. పొద్దున బడి పిల్లలకు, ఐదేండ్ల నుంచి పన్నెండేండ్ల దాక, సాయంత్రం పెద్దోళ్ళకు వ్యవసాయం ఆరోగ్యం. మా మామకు పాఠాలు ఏం యాదికి లేవు గాని, బడి మీద కోళ్ళ జాలీ తోని చేసిన పెద్ద గొడుగు లాంటి యాంటెనా మాత్రం మస్తు యాదికున్నది, దాని మీద పిట్టలు వాలితే బొమ్మ పోతదని పిల్లలు రాళ్ళేస్తుండెనట, మాస్టర్ రాళ్ళేసినోళ్ళకు బెత్తం దెబ్బలు. ఏడాది కాంగనే శాటిలైట్ వాపస్ పోయింది, టీవీ మూగవోయింది అంటడు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు ఇప్పటికీ అదో తీరుగ ఉంటది.

ఇప్పుడు మనకు టీ-సాట్ అని తెలంగాణ సర్కారు చదువుల టీవీ ఉన్నది గదా అంటరు. ఉన్నది, 2020 సెప్టెంబర్ 1 నుంచి కరోనాల మూడో తరగతి నుంచి పదో తరగతి దాక టీ-సాట్‌ల, దూరదర్శన్ యాదగిరిల క్లాసులు చెప్పిండ్రు, మా అక్క కొడుకు గవే చూసి గట్టెక్కిండు. కాని అది బడి పాఠం, బోర్డు, సారు. నాలుగేండ్ల పిల్లకు కోడిపిల్ల కావాలె.

మరి పీప్‌ల తక్కువ ఏంది అంటే, మొదటిది ఇంగ్లిష్. తెలుగుల నాకైతే ఏడ కనవడలే. నేను పక్కన కూసొని ఆపుకుంట, ఆపుకుంట మన మాటల్ల చెప్పాలె, ఇప్పుడు ఏమైతది చెప్పు చూద్దాం అని అడగాలె. గట్ల కూసున్న దినం పిల్ల బకెట్ కాడికి పోయింది. బ్లౌజుల గిరాకీ ఎక్కువై నేను కూసోని దినాలల్ల బాతు కూత తప్ప ఏం రాలే, నేను పరీక్ష చేసి మరీ చెప్తున్న. అంటే పిల్లను టీవీకి అప్పజెప్పి పని చేస్కుందాం అనుకున్న నా మొదటి ప్లాన్ మొత్తం పాయె. రెండోది, మంచు గడ్డలు, ఆకులన్ని ఎర్రగై రాలుడు, గవి మనకు తెల్వని లోకం, మా పిల్ల మంచు అంటే ఫ్రిజ్‌ల ఉండేది అనుకుంటది, తప్పేం లేదు.

సిడ్ ది సైన్స్ కిడ్ అని ఇంకోటి ఉన్నది, 2008ది, అది కూడ పెట్టి చూసిన. అరటిపండు మెత్తవడి నల్లగయ్యేది చూపించిన ఎపిసోడ్ బాగున్నది, మన దగ్గర ఎండకాలంల రెండు దినాలల్ల లైవ్‌లనే చూడొచ్చు. కాని అందుల ముచ్చట్లు ఎక్కువ, మాటలు ఫాస్ట్, మా పిల్ల లేచిపోయింది. కొంచెం పెద్ద పిల్లలకు, ఇంగ్లిష్ అలవాటున్నోళ్ళకు ఓకే.

ఇంకొకటి, ఐదేండ్ల లోపు పిల్లలకు దినాం గంటకు మించి టీవీ, ఫోన్ వద్దని డబ్ల్యూహెచ్‌ఓ 2019లనే చెప్పింది, రెండేండ్ల పిల్లలకు కూడ గంటే, రెండేండ్ల లోపు అయితే అసలే వద్దట. మేం ఒక్క అరగంట పెట్టుకున్నం, ఆటోప్లే బంద్ చేసి, ఫోన్ కాకుంట టీవీల. ఫోన్ల అయితే ఇద్దరం కలిసి చూసుడు కాదు, తలకాయలు గుద్దుకునుడే.

ఐదుకు నాలుగు ఇస్తున్న, ఒకటి తెలుగు లేనందుకు కోసిన. బకెట్ల నానిన పల్లికాయలు మా అత్తమ్మ కడిగి ఉప్పేసి ఉడకవెట్టింది, వాటికి మాత్రం ఐదుకు ఐదు.