డీఎమ్మా, ఏడాది డిప్లొమానా, రెండు రోజుల కోర్సా: ఐసీయూ డాక్టరుకు ఏది మేలు?

ఎండీ పరీక్షలు అయిపోగానే జూనియర్లు అడిగే మాట ఒకటే. "సార్, క్రిటికల్ కేర్‌లోకి వెళ్దామనుకుంటున్నాను. డీఎం కోసం మళ్లీ ఎంట్రన్స్ రాయమంటారా, ఏడాది డిప్లొమాతో సరిపెట్టుకోమంటారా?" క్రిటికల్ కేర్ అంటే ఐసీయూ రోగుల వైద్యం, డీఎం అంటే ఎండీ తర్వాత చేసే సూపర్ స్పెషాలిటీ డిగ్రీ. నేను తిరిగి వాళ్లనే అడుగుతాను: పని ఎక్కడ చేద్దామని? హైదరాబాద్, చెన్నై కార్పొరేట్ ఆస్పత్రుల్లోనా, మెడికల్ కాలేజీలో పాఠాలు చెబుతూనా, లేక చిత్తూరులోనో శ్రీకాళహస్తిలోనో పలమనేరులోనో పది పడకల ఐసీయూ చూసుకుంటూనా? అది తేలకుండా ఏది మేలో చెప్పడం కుదరదు.

నేను ఈ చదువులన్నిటినీ ఒకే కేసు పెట్టి బేరీజు వేస్తాను. కట్లపాము కాటు. మన పల్లెల్లో నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేస్తాడు. వాపు ఉండదు, గాటు కూడా చాలాసార్లు కనపడదు. గ్యాస్ అనుకుని ఇంజక్షన్ వేసి పంపేస్తే అంతే సంగతులు. కాసేపటికి రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, ఉమ్ము మింగలేడు. ఆ తర్వాత ఊపిరి కండరాలు కూడా పనిచేయవు. ట్యూబ్ వేసి వెంటిలేటర్ పెట్టాల్సిందే. యాంటీ వెనమ్ ఇచ్చినా, నరాల చివర్లు అప్పటికే దెబ్బతిని ఉంటాయి కాబట్టి కోలుకోవడానికి రోజులు పడుతుంది. ఈలోగా చేయి కదలదు, కన్ను తెరుచుకోదు, కంటిపాపలు పెద్దవై వెలుతురుకు స్పందించకపోవచ్చు. తెలియని డాక్టరు చూస్తే బ్రెయిన్ డెత్ అనుకునే ప్రమాదం ఉంది. కానీ ఆ మనిషికి మనం మాట్లాడేది వినిపిస్తూ ఉండొచ్చు. వెంటిలేటర్ మీద జాగ్రత్తగా కాపాడుకుంటే లేచి నడుచుకుంటూ ఇంటికి వెళ్లగల మనిషి.

ఈ రోగి బతకాలంటే రాత్రి డ్యూటీ డాక్టరుకు అనుమానం రావాలి, ట్యూబ్ వేసే చేయి దగ్గరుండాలి, తర్వాత రోజుల తరబడి వెంటిలేటర్ నడిపే జ్ఞానం ఉండాలి. మూడూ ఒకే మనిషిలో ఉండాలని లేదు.

డీఎం సంగతి. సూపర్ స్పెషాలిటీ ఎంట్రన్స్ అయిన నీట్ ఎస్ఎస్ రాసి చేరితే మూడేళ్లు. అనస్థీషియా, జనరల్ మెడిసిన్, పల్మనాలజీ, ఎమర్జెన్సీ మెడిసిన్ ఎండీలు ఈ దారిలో ఎక్కువగా వస్తారు. డీఎంకి సమానమైన నేషనల్ బోర్డు వాళ్ల డీఆర్ఎన్‌బీ కూడా మూడేళ్లే, అదే పరీక్షతో సీటు. మనవాళ్లకు దగ్గరలో వెల్లూరు సీఎంసీలో డీఎం ఉంది, చిత్తూరు నుంచి గంట ప్రయాణం. పాముకాటు, పురుగుల మందు, స్క్రబ్ టైఫస్ (నల్లి లాంటి చిన్న పురుగు కుట్టి వచ్చే జ్వరం) కేసుల్లో వాళ్ల అనుభవం పెద్దది, వాళ్ల దగ్గరికి వచ్చే రోగుల్లో మన జిల్లా జనం కూడా ఉంటారు. ఈ మూడేళ్లలో వచ్చే అసలు లాభం, కష్టమైన కేసును వందసార్లు సీనియర్ పక్కనుండగా చూడడం. డయాలసిస్ ఎప్పుడు మొదలుపెట్టాలి, గుండె, ఊపిరితిత్తుల పనిని ఒంటి బయట చేసిపెట్టే ఎక్మో మెషీన్‌కి ఎవరిని పంపాలి, ఇక చికిత్స ఆపుదామని ఇంట్లోవాళ్లతో ఎలా మాట్లాడాలి, ఇవేవీ చదివితే వచ్చేవి కావు. పైగా ఇది చట్టపరంగా గుర్తింపు ఉన్న డిగ్రీ. మెడికల్ కాలేజీలో క్రిటికల్ కేర్ విభాగంలో ఫ్యాకల్టీగా ఉండాలన్నా, రేపు ఒక డిపార్ట్‌మెంటు కట్టాలన్నా ఇదే కావాలి. ముప్పై లోపు వయసు, ఇంటి బాధ్యతలు తక్కువ, మళ్లీ చదివే ఓపిక ఉందంటే ఆలోచించకుండా ఇటే వెళ్లమంటాను. ఒక్క జాగ్రత్త: సీటు మధ్యలో వదిలేస్తే బాండు సొమ్ము కట్టించుకునే కాలేజీలు ఉన్నాయి, కౌన్సెలింగ్‌కి ముందే ఆ కాగితం చదవండి.

డిప్లొమా మాట వేరు. 1993లో ఏర్పడిన ఇండియన్ సొసైటీ ఆఫ్ క్రిటికల్ కేర్ మెడిసిన్ నడిపే ఐడీసీసీఎం, ఎండీ లేదా దానికి సమానమైన డీఎన్‌బీ అయినవాళ్లకు ఏడాది డిప్లొమా కోర్సు. మెడికల్ కమిషన్ గుర్తింపు ఉన్న డిగ్రీ కాదు కాబట్టి డీఎంకి బదులుగా చూపించలేరు. ప్రైవేటు ఐసీయూల్లో మాత్రం దీనికి మంచి విలువ ఉంది, ఆ విలువ ఊరికే రాలేదు. నలభై దాటి, సొంత ప్రాక్టీసు ఉండి, పిల్లల చదువులు తిరుపతిలో సాగుతున్న మత్తు డాక్టరును మూడేళ్లు వదిలేసి వెళ్లమంటే వెళ్లలేడు. అతనికి ట్యూబ్ వేయడం, పెద్ద సిరలోకి లైన్ పెట్టడం చేతికి వచ్చిన పనే. కొరత ఉన్నది ట్యూబ్ వేశాక వచ్చే పది రోజుల్లో. ఆ పది రోజులకే ఈ ఏడాది. అలాంటి వాళ్లకు ఐడీసీసీఎం మేలని గట్టిగా చెబుతాను.

అయితే ఏ ఆస్పత్రిలో చేస్తారన్నది ఇక్కడ చాలా ముఖ్యం. మూడేళ్ల కోర్సులో ఒక ఏడాది సరిగ్గా గడవకపోయినా మిగతా రెండేళ్లలో సర్దుకోవచ్చు, ఏడాది కోర్సులో ఆ వీలు లేదు. డిప్లొమా పేరు చెప్పి డ్యూటీ డాక్టర్ల ఖాళీలు నింపుకునే చోట్లు నేను చూశాను. కన్సల్టెంట్ పొద్దున ఒక రౌండు వేసి వెళ్లిపోతారు, రాత్రంతా అభ్యర్థి ఒక్కడే. అది ఉద్యోగం, శిక్షణ కాదు.

చేరేముందు ఆ ఐసీయూకి వెళ్లి కేస్‌షీట్లు చూడండి. వెంటిలేటర్ మీదున్న రోగి ఎత్తు రాసి ఉందా? చిన్న విషయంలా ఉంటుంది గానీ చాలా చెబుతుంది. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్న (ఏఆర్‌డీఎస్) రోగుల మీద చేసి 2000లో వెలువడిన ఏఆర్‌డీఎస్ నెట్ ట్రయల్‌లో, ఒక్కో శ్వాసకు కిలోకి 12 మిల్లీలీటర్లు ఇచ్చిన వాళ్లలో దాదాపు 40 శాతం మంది చనిపోతే, 6 మిల్లీలీటర్లు ఇచ్చిన వాళ్లలో 31 శాతం మంది చనిపోయారు. ఆ కిలో లెక్క తూకం వేసిన బరువుతో కాదు, ఎత్తును బట్టి కట్టిన బరువుతో. 155 సెంటీమీటర్ల ఎత్తున్న ఆడమనిషి ఎనభై కిలోలున్నా ఆమె ఊపిరితిత్తులు 48 కిలోల లెక్కవే. అంటే శ్వాసకు సుమారు 290 మిల్లీలీటర్లు. మెషీన్ మీద 500 అని పెట్టి వదిలేస్తే చికిత్సే ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. మంచం పక్కన కొలిచే టేపు ఉన్న యూనిట్‌లో చదువు చెబుతున్నారని నమ్మొచ్చు.

ఇక రెండు రోజుల కోర్సులు. వీటిని సర్టిఫికెట్ కోసం చేసేవిగా తీసిపారేయడం మనవాళ్లకు అలవాటు. నాకు ఇది బాధ కలిగించే విషయం. మన ఊళ్లలో రాత్రి రెండు గంటలకు ఐసీయూలో ఉండేది డీఎం కాదు, ఐడీసీసీఎం కూడా కాదు. ఎంబీబీఎస్ అయి పీజీకి చదువుకుంటున్న పాతికేళ్ల పిల్లవాడో, పిల్లో. కట్లపాము కాటును అనుమానించాల్సిందీ, పురుగుల మందు తాగి నురగతో వచ్చిన రైతుకు విరుగుడుగా అట్రోపిన్ మొదలుపెట్టి అయిదు నిమిషాలకోసారి డోసు రెట్టింపు చేస్తూ ఛాతీలో గురగుర పోయేదాకా పక్కనుండాల్సిందీ వాళ్లే. అక్కడ తడబడితే పొద్దున వచ్చే పెద్ద డిగ్రీ చేయగలిగింది తక్కువ.

అమెరికా సొసైటీ ఆఫ్ క్రిటికల్ కేర్ మెడిసిన్ తయారుచేసిన ఎఫ్‌సీసీఎస్ రెండు రోజుల కోర్సు సరిగ్గా ఇలాంటి వాళ్ల కోసమే: స్పెషలిస్టు వచ్చేదాకా రోగిని నిలబెట్టే డాక్టర్ల కోసం. గుండె ఆగినవాళ్లను కాపాడడం నేర్పే ఏసీఎల్‌ఎస్ కోర్సు కార్డు గడువు రెండేళ్లే, అంతవరకూ ఆగకుండా మధ్యలో బొమ్మ మీద చేత్తో సాధన చేస్తూ ఉండాలి. అయితే ఈ కోర్సుల్లో కట్లపాము గురించి వివరంగా ఉండదు. దానికి మన సీనియర్లే సాయంత్రాలు కూర్చోబెట్టి చెప్పాలి. ఆక్సిజన్ ప్రెషర్ పడిపోతే ఏంచేయాలో కూడా అంతే. 2021 మే 10న తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ ప్రెషర్ తగ్గి 11 మంది చనిపోయారని అధికారులు ప్రకటించారు. ఆ తర్వాతయినా ప్రతి మంచానికీ చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబూ బ్యాగ్ ఉందో లేదో, బ్యాకప్ సిలిండర్ ఎవరు తిప్పుతారో, ప్రతి డ్యూటీ డాక్టరుకూ నర్సుకూ తెలిసి ఉండాలి. నెలకోసారి డ్రిల్ చేస్తే అరగంట కూడా పట్టదు.

అందుకే, చిన్న ఆస్పత్రి యజమాని వచ్చి "పొద్దున ఒక గంట వచ్చి వెళ్లే డీఎం డాక్టరుకు డబ్బు పెట్టాలా, రాత్రి డ్యూటీ పిల్లల శిక్షణకు పెట్టాలా" అని అడిగితే, ముందు పిల్లలకు పెట్టండి అంటాను. కోర్సు ఫీజు కట్టండి, ఆ రెండు రోజులు జీతం కోయకండి. ఇంటెన్సివిస్ట్, అంటే ఐసీయూ స్పెషలిస్టు, తర్వాత రావాలి, తప్పకుండా రావాలి. కానీ ఆయన చెప్పింది రాత్రి అమలుచేసే చేతులు ముందు కావాలి.

యూరప్ వాళ్ల ఐసీయూ డిప్లొమా ఈడీఐసీ గురించీ అడుగుతుంటారు. రెండు భాగాల పరీక్ష, సిలబస్ గట్టిది, చదివితే బుర్ర పదునెక్కుతుంది. ఇంగ్లండ్ వెళ్లేవాళ్లకు, విదేశీ డాక్టర్లకు అక్కడ శిక్షణ ఇచ్చే ఎంటీఐ పథకం దారిలో గరిష్ఠంగా రెండేళ్ల శిక్షణ దొరుకుతుంది. ఇక్కడే స్థిరపడాలనుకునేవాళ్లు డీఎమ్మో డిప్లొమానో అయ్యాక వీటి గురించి ఆలోచిస్తే చాలు.

ఏ దారిలో వెళ్లినా, పట్టా అందాక చదువు ఆగకూడదు. నిబంధనల ప్రకారం అయిదేళ్లకు 30 గంటల సీఎంఈ (డాక్టర్ల నిరంతర విద్య) ఉండాలి. హోటల్లో కాన్ఫరెన్స్‌కి వెళ్లి సంతకం పెట్టి భోంచేసి వచ్చినా ఆ గంటలు నిండుతాయి, అది వేరే సంగతి. స్క్రబ్ టైఫస్‌నే చూడండి. మన కొండల చుట్టుపక్కల వానల తర్వాత ఏటా వచ్చేదే. ఎన్నో ఏళ్లు డాక్సీసైక్లిన్ ఒక్కటో, అజిత్రోమైసిన్ ఒక్కటో ఇచ్చాం. వెల్లూరు సీఎంసీ ముందుండి నడిపిన ట్రయల్ 2023లో వచ్చాక, తీవ్రంగా ఉన్న రోగులకు రెండూ కలిపి సిరలోకి ఇస్తే మేలని తేలింది. పదేళ్ల కిందటి డీఎం పట్టాలో ఈ మాట ఉండదు. తిరుపతి, చిత్తూరు ఐసీయూ డాక్టర్లు నెలకు ఒక ఆదివారం మధ్యాహ్నం కలిసి, చేజారిన ఒక కేసు, బతికిన ఒక కేసు ముందేసుకుని మాట్లాడుకుంటే నాకు తెలిసి అంతకన్నా మంచి సీఎంఈ లేదు. రాత్రి డ్యూటీ పిల్లలను కూడా పిలవండి. స్క్రబ్ టైఫస్ అనుమానం ఉంటే చంకలోనూ గజ్జల్లోనూ రొమ్ము కిందా సిగరెట్‌తో కాల్చినట్టుండే నల్లమచ్చ కోసం వెతకాలని వాళ్లకు ఎవరో ఒకరు చూపించాలి కదా.