కాలేజీ ఫీడ్‌బ్యాక్ పోర్టల్: ఎనిమిదేళ్లు వాడాక

హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. విద్యార్థులు మా బోధనకు మార్కులు వేసే ఆన్‌లైన్ పోర్టల్ మా కాలేజీకి వచ్చి ఎనిమిదేళ్లయింది. సెమిస్టర్‌కు ఒకటి చొప్పున ఇప్పటికి 16 రిపోర్టులు చూశాను. 'మీ పేరు బయటికి రాదు' అని లాగిన్ పేజీ మీదే రాసి ఉంటుంది. ఆ మాట ఎంతవరకు నిలబడిందో చెప్పాలని ఇది రాస్తున్నాను.

అంతకుముందు కాగితాలే. క్లాస్ రిప్రజెంటేటివ్ (సీఆర్) ఫారాలు పంచి, మళ్లీ పోగుచేసి డిపార్ట్‌మెంట్‌లో ఇచ్చేవాడు. రోల్ నంబరు రాయనక్కర్లేదు. కానీ ఏడాదంతా వాళ్ల రికార్డులు దిద్దే మాకు చేతిరాత గుర్తుపట్టడం ఎంతసేపు? ఆ లెక్కన పోర్టల్ నిజంగా మేలు. 60 మంది ఉన్న సెక్షన్‌లో ఎవరు ఎంత వేశారో మాకు తెలిసే దారి లేదు.

చిక్కంతా చిన్న క్లాసులతోనే. మూడేళ్ల కిందట ఫైనలియర్‌కు ఒక ఎలెక్టివ్ (విద్యార్థులు ఇష్టంతో ఎంచుకునే సబ్జెక్టు) చెప్పాను. తీసుకున్నది ఏడుగురు. రిపోర్టులో ఒక కామెంట్: "మేడమ్ ప్రాబ్లమ్ సగం చేసి మిగతాది ఇంటిదగ్గర చూసుకోమంటారు. ఇంటిదగ్గర మాకు చెప్పేవాళ్లు లేరు." చదవగానే ఎవరో తెలిసిపోయింది. వారం ముందు కారిడార్‌లో ఒక అబ్బాయి నాతో అదే మాట అన్నాడు. అతను రాసింది నిజం, ఆ అలవాటు మానుకున్నాను కూడా. కానీ మర్నాడు క్లాసులో వద్దనుకున్నా నా చూపు అతని వైపే పోయింది. అతను గమనించాడు. సెమిస్టర్ అయ్యేదాకా మళ్లీ ఒక్క డౌట్ అడగలేదు. నేను పల్లెత్తు మాట అనలేదు, ఒక్క మార్కు తగ్గించలేదు. అయినా ఆ భయం నా వల్లే కలిగింది. ఇప్పటికీ గుర్తొస్తే బాధగా ఉంటుంది.

ఇంకో లోపం ఒక సీనియర్ సార్ చూపిస్తే గానీ మాకు తెలియలేదు. ఇంకా ఇవ్వనివాళ్లకు గుర్తుచేయడానికని, సబ్మిట్ చేసినవాళ్ల లిస్టు టైముతో సహా కనబడేది. కామెంట్లేమో వచ్చిన వరుసలోనే ఉండేవి. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఎవరు ఏది రాశారో ఇట్టే దొరికిపోతుంది! రెండు సెమిస్టర్లు వెంటపడితే టైము తీసేసి, కామెంట్ల వరుస మార్చారు.

విద్యార్థులు ఇవన్నీ కనిపెడుతూనే ఉంటారు. లాగిన్ హాల్‌టికెట్ నంబరుతోనే కదా. జేఎన్‌టీయూహెచ్ (హైదరాబాద్ జేఎన్‌టీయూ) ఆర్22 రెగ్యులేషన్‌లో థియరీ సబ్జెక్టుకు 100లో 40 మార్కులు ఇంటర్నల్సే, అంటే కాలేజీలోనే వేసేవి, అవి ఉండేది మా చేతుల్లో. సెమిస్టర్‌లో జరిగే రెండో మిడ్ పరీక్ష మార్కులు వేయకముందే ఫీడ్‌బ్యాక్ ఇమ్మంటే ఏం చేస్తారు? వరసగా 5లు నొక్కి ల్యాబ్‌లోంచి బయటపడతారు.

మా వైపు కూడా టెన్షన్ తక్కువేం లేదు. సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ 2019 నిబంధనల ప్రకారం, అధ్యాపకుల పనిని అన్ని వైపుల నుంచీ అంచనా వేసే 360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్‌లో 100 పాయింట్లకు 25 విద్యార్థుల అభిప్రాయానివే. ఒక ఏడాది నా ఇంక్రిమెంట్ ఆపి, ఫీడ్‌బ్యాక్ బాగాలేదన్నారు. రిపోర్టు చూపించమంటే కాన్ఫిడెన్షియల్ అన్నారు. దాచాల్సింది విద్యార్థి పేరు. నా గురించి ఏం రాశారో నాకే చెప్పకపోతే నేను దిద్దుకునేదెట్లా? ప్రభుత్వోద్యోగుల వార్షిక రహస్య నివేదికలో వేసిన ప్రతి ఎంట్రీనీ వాళ్లకు తెలియజేయాలని సుప్రీంకోర్టు 2008లో దేవ్‌దత్ కేసులో చెప్పింది. ప్రైవేటు కాలేజీలో పనిచేసేవాళ్లకు కూడా ఆ మాత్రం న్యాయం దక్కాలి.

పదిమంది కన్నా తక్కువున్న క్లాసుల్లో కామెంట్లు విడిగా చూపించొద్దని, అన్నీ కలిపి సారాంశంగా ఇవ్వమని అడుగుతూనే ఉన్నాం. అది ఇంకా కాలేదు. మార్కులు అప్‌లోడ్ చేసి లాక్ పడ్డాకే ఫీడ్‌బ్యాక్ తెరవడం మాత్రం పోయిన సెమిస్టర్ నుంచి మొదలైంది. నా సగటు 4.6 నుంచి 4.1కి పడింది. ఎప్పుడూ రెండో మూడో వచ్చే కామెంట్లు ఈసారి 19 వచ్చాయి. వాటిలో నాలుగు, బోర్డు మీద ఎడమ మూల కిటికీ వెలుతురు పడి చివరి బెంచీలకు ఏమీ కనబడదని. అదే గదిలో ఐదేళ్లుగా చెబుతున్నాను, ఈ మాట నాతో ఎవరూ అనలేదు.