పోలో జీటీకి షాక్ అబ్జార్బర్ల మార్పు: ఒంగోలు, నెల్లూరు రోడ్ల మీద దీర్ఘకాల సమీక్ష

2013లో మన దేశంలో విడుదలైన ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐని స్పోర్ట్స్ కారు అనడానికి కొందరు ఒప్పుకోరు. నాకు మాత్రం 1.2 లీటర్ల టర్బో ఇంజిన్, 105 పీఎస్ శక్తి, 175 న్యూటన్ మీటర్ల టార్క్ ఉన్న ఈ చిన్న కారు ఆ పేరుకు తగినదే. ఇంజిన్‌కున్న చురుకు సస్పెన్షన్‌కు, అంటే కుదుపును తీసుకునే స్ప్రింగులకు, వాటి ఊపును ఆపే షాక్ అబ్జార్బర్లకు లేకపోవడమే దీని లోపం. కారు పాతబడిన కొద్దీ ఆ లోపం 16వ నంబరు జాతీయ రహదారి మీద బాగా తెలిసివచ్చేది. ఒంగోలు నుంచి నెల్లూరు వెళ్లేటప్పుడు రోడ్డు కొద్దిగా కుంగిన చోట కారు ఒకసారి లేచి, దిగి, మళ్లీ లేచి గానీ నిలకడకు వచ్చేది కాదు. చీమకుర్తి వైపు గ్రానైట్ లారీలు తిరిగే దారిలోనైతే మలుపులో ఒక గతుకు తగిలితే చాలు, వెనుక చక్రాలు పక్కకు జరిగినట్లు అనిపించేది.

ఇటువంటి కారుకు చాలామంది మొదట కొనేది ఎత్తు తగ్గించే స్ప్రింగులు. కారు చూడడానికి అందంగా కనిపిస్తుంది, ఖర్చూ తక్కువే. నేను వాటి జోలికి పోకపోవడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో నిర్దేశించిన కొలత ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో గుండ్రంగా ఉండాలి. దాన్ని గంటకు 25 కిలోమీటర్ల వేగంతో సాఫీగా దాటవచ్చు. ఆ కొలతకు సరిపోయేది మన పల్లె దారుల్లో ఎక్కడైనా ఉంటే ఉండవచ్చు గానీ, ఊరివాళ్లు రాత్రికి రాత్రి సిమెంటుతో కట్టిన గట్లే ఎక్కువ. రెండో కారణం అంతకంటే ముఖ్యమైనది. పోలో ముందు చక్రాలకు ఉన్నది మెక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి నిలువుగా చక్రాన్ని పట్టుకునే అమరిక. కారును బాగా కిందికి దించితే చక్రాన్ని కింద పట్టి ఉంచే లోయర్ ఆర్ములు చక్రం వైపు పైకి వాలి, రోల్ సెంటర్ (మలుపులో కారు పక్కకు వాలేటప్పుడు తిరిగే కేంద్రం) కారు గరిమనాభి కంటే ఎక్కువగా కిందికి జారుతుంది. ఆ రెండింటి మధ్య దూరం పెరగడం వల్ల మలుపులో కారును పక్కకు వంచే బలం తగ్గవలసింది పోయి పెరుగుతుంది. గట్టి స్ప్రింగు ఆ వాలును కొంత అదుపు చేస్తుంది కానీ, పైకీ కిందికీ కదిలే చోటు తగ్గిన సస్పెన్షన్ గుంతల్లో త్వరగా బంప్ స్టాప్‌ను (కదలికకు చివర అడ్డుగా ఉండే దిమ్మను) తాకుతుంది. ఆ క్షణంలో స్ప్రింగు ఎంత మంచిదైనా ప్రయోజనం లేదు.

స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఒకటిగా వచ్చే, మర తిప్పి ఎత్తు మార్చుకునే కాయిలోవర్లకు మరో చిక్కు ఉంది. ఒంగోలు నుంచి కొత్తపట్నం, నెల్లూరు నుంచి మైపాడు వెళ్లేవారికి ఉప్పుగాలి సంగతి చెప్పనక్కర్లేదు. మరలు తుప్పు పట్టి బిగుసుకుపోతే ఎత్తు సర్దుబాటు అనేది కాగితం మీదే మిగులుతుంది. ఇక మలుపులో కారు వాలడాన్ని తగ్గించే యాంటీ-రోల్ బార్ అనే కడ్డీని లావైనది వేయడం నునుపైన రోడ్డు మీద చక్కటి ఎంపికే అయినా, అది ఎడమ, కుడి చక్రాలను కలుపుతుంది కాబట్టి ఒక చక్రం గుంతలో పడితే ఆ కుదుపులో కొంత రెండో చక్రానికి కూడా చేరుతుంది.

అందుకని కంపెనీ స్ప్రింగులను, కంపెనీ ఎత్తును అలాగే ఉంచి, నాలుగు షాక్ అబ్జార్బర్లను మాత్రమే బిల్‌స్టీన్ సంస్థ బి6 రకానికి మార్చాను. ఇదే సంస్థ చేసే బి8 రకం పొడవు తక్కువగా ఉంటుంది. అది ఎత్తు తగ్గించిన కార్లకు ఉద్దేశించినది. కొనేటప్పుడు ఈ రెండింటినీ కలగలుపుకోకూడదు. పన్నులు, కూలీ కలుపుకుంటే నాలుగు మంచి టైర్ల ఖరీదుకు రెట్టింపు దాటింది. అంత పెట్టడం అవసరమా అని ఇంట్లో అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే.

బి6 లాంటి మోనోట్యూబ్ (ఒకే గొట్టం ఉన్న) షాక్ అబ్జార్బర్‌లో నూనెకు, అధిక పీడనంలో ఉన్న వాయువుకు మధ్య కదిలే పిస్టన్ అడ్డుగా ఉంటుంది. అందువల్ల ఎడతెగని గతుకుల మీద కూడా నూనె నురగ కట్టదు. ఒకే గొట్టం కాబట్టి వేడి కూడా నేరుగా బయటి గాలిలోకి పోతుంది. రోహిణీ కార్తె ఎండల్లో చీమకుర్తి దారిలో వెళ్లివచ్చినప్పుడు దీని విలువ అర్థమైంది. పాతవాటితో ప్రయాణం చివరికి వచ్చేసరికి కారు మెత్తబడినట్లు ఉండేది, వీటితో మొదటి గతుకుకూ చివరి గతుకుకూ తేడా తెలియడం లేదు. జాతీయ రహదారి మీద ఆ రెండో ఊపు పూర్తిగా పోయింది.

అసలు పరీక్ష దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే ఘాట్ రోడ్డు. అక్కడ ఎడమ మలుపు తీరకముందే కుడి మలుపు వస్తుంది, కారు బరువు ఒక పక్కనుంచి మరో పక్కకు మారుతూనే ఉంటుంది. స్ప్రింగులు మారలేదు కాబట్టి నిలకడగా తిరిగే పెద్ద మలుపులో కారు ఎంత వాలాలో అంతా వాలుతుంది. మారిందల్లా ఆ వాలే వేగం. బరువు తొందరపడకుండా, స్టీరింగ్‌తో పాటే పక్కకు చేరుతుంది. మలుపు మధ్యలో గతుకు తగిలినా గీత తప్పదు. ఆ అడవిలో వేగంగా నడపాలని నేను చెప్పడం లేదు; జంతువులు దాటే దారి అది. మామూలు వేగంలోనే ఈ తేడా తెలుస్తుంది.

లోపాలు లేకపోలేదు. గంటకు 30 కిలోమీటర్ల లోపు వేగంలో, ఒంగోలు సందుల్లో, చిన్న చిన్న గతుకులు మునుపటికంటే స్పష్టంగా నడుముకు తెలుస్తాయి. వెనుక సీట్లో కూర్చున్న మా నాన్నగారు ఈ మార్పును ఈనాటికీ మెచ్చుకోలేదు. వాయు పీడనం వల్ల కారు కొద్దిగా పైకి లేస్తుంది కూడా. అందం కోసం చూసేవారికి అది నచ్చదు, వానాకాలంలో నీళ్లు నిలిచిన గుంతలు దాటే నాకు అది వరమే.

పని చేయించేటప్పుడు స్ట్రట్ మౌంట్లు, వాటి బేరింగులు, బంప్ స్టాపులు, దుమ్ము తొడుగులు కొత్తవి వేయించడం తప్పనిసరి. వాటి కోసం మళ్లీ అంతా విప్పితే కూలీ రెండుసార్లు పడుతుంది. వెనుక షాక్ అబ్జార్బర్ల కింది బోల్టులను కారు జాకీ మీద ఉండగా పూర్తిగా బిగించకూడదు. చక్రాలు నేలను తాకి బరువు పడిన తరువాత బిగిస్తేనే బోల్టు చుట్టూ ఉండే బుష్‌లోని రబ్బరు మెలిపడకుండా ఉంటుంది. మన దగ్గర చాలా షెడ్లలో ఈ జాగ్రత్త తీసుకోరు, పక్కన నిలబడి చెప్పి చేయించుకోవాలి. ఆ తరువాత వీల్ అలైన్‌మెంట్ చేయించాలి.

ఇన్నేళ్ల వాడకంలో ఎక్కడా నూనె కారలేదు. ముందు వైపు తొడుగు ఒకటి చిరిగితే మార్పించాను. టైర్లు అరిగి ఉన్నవారు మాత్రం ముందుగా 185/60 ఆర్15 కొలతలో మంచి టైర్లు వేసుకుని, గాలి సరిగా పట్టించి చూడాలి. కొందరికి అక్కడితోనే సరిపోవచ్చు. పాత షాక్ అబ్జార్బర్లు ఇంకా పనికొచ్చే స్థితిలో ఉంటే తుక్కుకు వేయకుండా దాచుకోవడం మంచిది. కారు అమ్మే రోజున కొనేవారు కంపెనీవే కావాలని అడుగుతారు.