ఎడారి దారిలో మనసైన చోట ఆగాలంటే: 12 వోల్టుల గాలి పంపుల్లో ఏది కొనాలి?

ఎడారి ప్రయాణంలో అందమంతా ఎక్కడ నచ్చితే అక్కడ ఆగడంలోనే ఉంది. చిక్కూ అక్కడే ఉంది. తారు దిగి పదడుగులు పక్కకు వెళ్తే చాలు, గట్టిగా కనిపించిన ఇసుక చక్రం కింద జారిపోతుంది. టైర్లలో గాలి ఒత్తిడి 33 పీఎస్‌ఐ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) ఉంచుకుని ఎక్సలేటరు తొక్కిన కొద్దీ కారు ఇంకా కూరుకుపోతుంది. గాలి 18కి దించితే టైరు పొడవునా పరుచుకుని బరువును ఎక్కువ మేర పంచుతుంది. చాలాసార్లు అంతమాత్రానికే బండి బయటపడుతుంది. గాలి తీయడానికి చిన్న పుల్ల చాలు. మళ్లీ ఎక్కించడానికే పంపు కావాలి.

సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టేవి చవక, చిన్నవి, ఒక పంచరుకు సరిపోతాయి. ఎడారికి మాత్రం చాలవు. ఎందుకో లెక్క చూడండి. టైరు లోపలి చోటు 40 లీటర్లనుకుంటే, 15 పీఎస్‌ఐ పెంచడానికి బయటి గాలి ఇంకో 40 లీటర్లు పట్టాలి. నాలుగు టైర్లకు 160. పెట్టె మీద ‘నిమిషానికి 35 లీటర్లు’ అని ఉంటుంది, కానీ అది ఎదురు ఒత్తిడి లేనప్పటి అంకె. టైరు నిండే కొద్దీ అది తగ్గిపోతుంది. టైరుకు నాలుగైదు నిమిషాలు వేసుకోవాలి. ఇలాంటి పంపులు ఏకధాటిగా పది, పదిహేను నిమిషాలకు మించి నడవకూడదు. అంటే మండుటెండలో మూడో టైరు దగ్గరే వేడెక్కి ఆగిపోవచ్చు. బలవంతంగా పెద్ద పంపును ఆ సాకెట్‌కే తగిలిస్తే ఫ్యూజు పోతుంది, ఎందుకంటే అది సాధారణంగా 10 నుంచి 20 ఆంపియర్లకే.

అందుకే మా ఓటు బ్యాటరీకి నేరుగా క్లిప్పులు తగిలించే రకానికి. 30 ఆంపియర్ల దాకా లాగుతుంది, సమయం సగానికి పైగా తగ్గుతుంది. కొనేటప్పుడు ఒక్కటి కొలవండి: బానెట్ నుంచి వెనక చక్రం దాకా వైరు, గొట్టం కలిపి అందుతాయా? చాలామంది ఇది చూడరు.

రీచార్జి పంపుల మీద మాకు నమ్మకం తక్కువ. ఎండలో మూసి ఉంచిన కారు లోపల 60 డిగ్రీలు దాటుతుంది. లిథియం బ్యాటరీకి ఆ వేడి పడదు, అవసరమైన రోజునే చేతులెత్తేస్తుంది.

పంపుకున్న గేజిని పూర్తిగా నమ్మొద్దు, విడిగా ఒకటి ఉంచుకోండి. కంపెనీ చెప్పే అంకె చల్లని టైరుకు. టైరు 10 డిగ్రీలు వేడెక్కితే సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది. ఎండలో నడిచిన టైరుకు సరిగ్గా 33 కొట్టి వదిలేస్తే, తెల్లారి చల్లబడ్డాక తక్కువే ఉంటుంది. మూడు ఎక్కువ పెట్టి, పొద్దున్నే బయలుదేరే ముందు సరిచూసుకోవాలి. వేడి వల్ల ఎక్కువ చూపిస్తోందని గాలి తీసేయడం మాత్రం తప్పు.

18 పీఎస్‌ఐ మీద గంటకు 40 కిలోమీటర్లు దాటకండి, స్టీరింగ్ గట్టిగా తిప్పకండి. టైరు అంచు రిమ్ము నుంచి ఊడితే చిన్న పంపులతో దాన్ని మళ్లీ కూర్చోబెట్టడం దాదాపు అసాధ్యం. తారెక్కగానే గాలి నింపాలి. తక్కువ గాలితో వేగంగా పోతే టైరు పక్కభాగం మళ్లీ మళ్లీ వంగి, వేడెక్కి పేలిపోతుంది.

వాల్వుకు మరతో బిగించే ఇత్తడి మూతి ఉన్న గొట్టం ఎంచుకోండి, ప్లాస్టిక్ మీటలు వేడికి వదులవుతాయి. పంపును ఇసుక మీద పెట్టకండి, రబ్బరు చాప పరచండి. ఇసుక రేణువు లోపలికి పోతే పిస్టను అరిగిపోతుంది. పంపు నడిచినంతసేపూ ఇంజను ఆన్‌లోనే ఉండాలి కాబట్టి ఎండుగడ్డి మీద బండి ఆపకండి, కింద కాలుతున్న సైలెన్సరు గొట్టం గడ్డికి నిప్పంటించగలదు.