ఇంట్లో వేసిన బేస్‌కోటు, క్లియర్‌కోటు: చెన్నై ఎండకు ఎంతవరకు ఆగాయి?

కారుకు ఇంట్లో రంగు వేసుకుంటానంటే అందరూ అడిగే మొదటి ప్రశ్న, పాత రంగుతో కలుస్తుందా అని. కలుస్తుంది. అసలు పరీక్ష ఆ రంగు పూత (బేస్) మీద రక్షణగా వేసే పారదర్శక పూతది, అంటే క్లియర్‌ది. మా పాత వెండిరంగు ఆల్టోకు బానెట్, కుడి ఫెండర్ (ముందు చక్రం మీది రేకు), పెట్రోలు మూత, వెనక బంపర్ నేనే వేసుకున్నాను. బానెట్‌కు, ఫెండర్‌కు హార్డెనర్ (పూతను గట్టిపరిచే ద్రవం) కలిపిన క్లియర్. మూతకు, బంపర్‌కు డబ్బా నొక్కి కొట్టే మామూలు క్లియర్. కొన్ని వేసవులు, వానాకాలాలు గడిచాక ఆ తేడా ఇప్పుడు కంటికి స్పష్టంగా కనిపిస్తోంది.

పెరంబూరులో మా వీధిలో కారు పెట్టేచోట చెట్టు నీడ లేదు. కంపెనీ వేసిన క్లియర్ బానెట్ మీద పొరలుగా లేచిపోయింది. అతినీలలోహిత కిరణాలను అడ్డుకోవడానికి క్లియర్‌లో కలిపే పదార్థాలు ఏళ్ళు గడిచేకొద్దీ హరించుకుపోతాయి. అప్పుడు కిరణాలు కింది రంగు దాకా దిగి, రెండు పొరల మధ్య పట్టు సడలిస్తాయి. సడలిన క్లియర్ మీద ఎంత ఖరీదైన రంగు వేసినా దానితోపాటే ఊడి వస్తుంది. అందుకే లేచిన అంచు దగ్గర ఆగకుండా బానెట్ మొత్తం 320 నంబరు గరుకు కాగితంతో గీకాను. తర్వాత ప్రైమర్ సర్ఫేసర్ (గీతలు పూడ్చే అడుగు పూత), దాని మీద నీళ్ళతో రుద్దే 800 నంబరు వాటర్ పేపర్. పని సమయంలో సింహభాగం ఇక్కడే పోయింది. రంగు కొట్టే గన్ పట్టుకున్నది కాసేపే.

సుజుకి వెండిరంగు కోడ్ జడ్2ఎస్. కోడ్ ఒకటే అయినా ఎండకు ఏళ్ళపాటు మాగిన రంగు వేరుగా ఉంటుంది కాబట్టి పెట్రోలు మూతను విప్పి, రంగు కలిపి ఇచ్చే దుకాణానికి పట్టుకెళ్ళాను. కలిపిన రంగును అట్టముక్క మీద కొట్టి, ఆరాక క్లియర్ కూడా వేసి, బయట వెలుతురులో పోల్చాలి. క్లియర్ వేయని బేస్ వెలిసిన సున్నంలా మెరుపు లేకుండా ఉంటుంది; దాన్ని చూసి రంగు తప్పిందని కంగారు పడనక్కర్లేదు. వెండిరంగుతో చిక్కల్లా అందులోని అల్యూమినియం రేకులతోనే. తడిగా కొడితే రేకులు కిందికి కుంగి రంగు ముదురుగా కనిపిస్తుంది, పొడిగా కొడితే లేతబడుతుంది. బేస్ రెండు మూడు పూతలు వేసి, పూతకూ పూతకూ మధ్య తడి మెరుపు పోయేదాకా ఆగి, చివరగా గన్‌ను కాస్త దూరం జరిపి పల్చటి తుంపరలా ఒక్కసారి తిప్పితే మచ్చలు సర్దుకుంటాయి. బానెట్ మీద చక్కగా కుదిరింది. ఫెండర్ మాత్రం ఎదురుగా చూస్తే కలుస్తుంది, సాయంత్రపు ఏటవాలు వెలుగులో తలుపు పక్కన ఒక పిసరు ముదురు. చేయి తిరిగిన పెయింటర్లు బేస్‌ను పక్క తలుపు మీదికి క్రమంగా పల్చబరిచి, క్లియర్ తలుపంతా వేసేది ఇందుకే.

క్లియర్ విషయంలో చెన్నై గాలి చాలా ఇబ్బంది పెడుతుంది. హార్డెనర్‌లోని ఐసోసయనేట్ అనే రసాయనం నీటితో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుట్టి, పూతలో సూదిమొనంత రంధ్రాలు పడతాయి. తెల్లవారుజామున రేకు మీద మంచు, మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి. నాకు కుదిరిన వేళ ఈ రెంటి నడుమ, వానలు వెనకబట్టాక జనవరి, ఫిబ్రవరి నెలల్లో తొమ్మిది, పదకొండు గంటల మధ్య. కంప్రెసర్ ట్యాంకు అడుగున మర తిప్పితే బుసబుసమంటూ గోధుమరంగు నీళ్ళు వచ్చేవి. గన్‌కు ముందు నీటిని పట్టే ఫిల్టరు లేకుండా ఈ ఊళ్ళో క్లియర్ తలపెట్టకండి. నేల మీద నీళ్ళు చల్లితే దుమ్ము లేవదు. అయితే పని మొదలుపెట్టడానికి చాలాముందే చల్లాలి.

గాలిలో తేలే బేస్ తుంపర త్వరగా ఆరి పొడిగా రాలుతుంది, క్లియర్ తుంపర అంటుకుపోతుంది. మా పై అంతస్తు పెద్దావిడ ముందుగానే, “బాబూ, బట్టలు తీసెయ్యమంటావా?” అని అడిగారు. ఆవిడ బట్టలు తీసేశారు, నేను పక్కింటి స్కూటరుకు కూడా పట్టా కప్పాను.

ఇక ఫలితం. హార్డెనర్ కలిపిన బానెట్ ఇప్పటికీ కడిగితే మెరుస్తుంది. నారింజ తొక్కలాంటి గరుకు కొంత ఉండేది, 2000 నంబరు వాటర్ పేపర్ రుద్ది మెరుగుపెట్టే కాంపౌండ్ పట్టించాక చాలావరకు పోయింది. ముందంచున రాళ్ళు తగిలిన చుక్కలున్నాయి, పక్షి రెట్ట వదిలిన ఒక మరక ఉంది. పొర మాత్రం ఎక్కడా లేవలేదు. డబ్బా క్లియర్ కథ వేరు. పెట్రోలు మూత కింద గొట్టం నుంచి కారిన పెట్రోలు చుక్క పడినచోట పూత మెత్తబడింది, వేలు పెడితే ముద్ర పడింది. ఆరాక ఆ చోటు వలయంలా తెల్లబారింది. బంపర్ నిలువు భాగం పరవాలేదు. ఎండ నేరుగా పడే పై అంచు మాత్రం కాంతి తగ్గి సుద్దలా అయింది. బంపర్ ప్లాస్టిక్‌కు ముందు పట్టునిచ్చే ప్రత్యేక ప్రైమర్ వేశాను కాబట్టి పెచ్చులైతే ఊడలేదు. హార్డెనర్ డబ్బా లోపలే ఉండి, అడుగున మీట నొక్కితే కలిసే రకం స్ప్రేలూ ఉన్నాయి. ఖరీదెక్కువ, కలిపాక ఒకటి రెండు రోజుల్లో వాడేయాలి. అయినా చిన్న ముక్కకు ఇప్పుడు నేను కొనేది అవే.

కానీ హార్డెనర్‌తో ఒక గట్టి చిక్కుంది. ఐసోసయనేట్ ఉబ్బసం తెప్పిస్తుంది. ఒకసారి ఒంటికి పడకపోతే తర్వాత కొద్దిపాటి తుంపరకే ఊపిరి బిగుస్తుంది. వాసన పట్టి జాగ్రత్తపడే వీలు లేదు, గుడ్డ మాస్కు ఎందుకూ పనికిరాదు, గొట్టం ద్వారా శుభ్రమైన గాలి అందించే మాస్కు ఉండాలి. దాని ఖర్చు, దాని కంప్రెసర్ ఖర్చు లెక్కేస్తే ఇంటి పనిలో మిగిలేది సరదాయే.

ఇప్పుడు కారు టాప్ మీద కూడా కంపెనీ క్లియర్ లేస్తోంది. గీకుడు, ప్రైమర్ నేనే చేసుకుంటాను, బేస్, క్లియర్ మాత్రం బూత్ (దుమ్ము పడకుండా రంగు వేసే గది) ఉన్న పెయింటర్ చేత వేయిస్తాను. ఆయన ఒప్పుకున్నాడు. నేను వాడే ప్రైమర్ డబ్బా ముందుగా తెచ్చి చూపించాలని ఒక్కటే షరతు పెట్టాడు.